అనుమానం ఖరీదు

ఏ వస్తువు కొనాలన్నా పదిమందినీ అడగడం నాకు అలవాటు. చీరైతే చెల్లెల్ని అడుగుతాను. కుక్కరైతే పక్కింటావిణ్ణి అడుగుతాను. కందిపప్పు దగ్గర్నుంచి కంచిపట్టు దాకా మా అత్తయ్యగారి అభిప్రాయం లేకుండా మా ఇంట్లోకి ఏదీ రాదు. అలాంటిది ఈమధ్య ఒక వస్తువు విషయంలో పదిమందినీ అడిగాను. పదిమందీ పది రకాలుగా చెప్పారు. అయినా నాకు జవాబు దొరకలేదు. వారం రోజులు సరిగ్గా నిద్రపట్టక దొర్లాక తెలిసిందేమిటంటే, తప్పు జవాబు చెప్పినవాళ్లది కాదు, నాది. నేను అడగవలసిన ప్రశ్న ఒకటైతే, అడుగుతున్నది మరొకటి.

హైదరాబాదులో పురానాపూల్ దగ్గర ప్రతి గురువారం పాతసామాన్ల సంత జరుగుతుంది. జుమ్మేరాత్ బజార్ అంటారు. జుమ్మేరాత్ అంటే గురువారమే. అక్కడ దొరకనిదంటూ ఉండదు. ముళ్లు లేని గోడగడియారాలు, తలుపులు లేని గొళ్లాలు, గొళ్లాలు లేని తలుపులు, మూతలు లేని గిన్నెలు, ఏ గిన్నెకీ సరిపోని మూతలు. ఎక్కడ ఏ పాత ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంటు కడుతున్నారో ఆ సంతలో ఒక గంట తిరిగితే తెలిసిపోతుందనిపిస్తుంది. మా స్నేహితురాలికి ఇత్తడి సామాను పిచ్చి. "ఒక్కదాన్నీ వెళ్లలేనే, తోడు రా" అంటే వెళ్లాను. ఆమె ఒక మరచెంబు దగ్గర కూర్చుని బేరం మొదలుపెట్టింది. అది ఎప్పటికి తెగేనో తెలియక, ఎండకి ఓర్చుకోలేక, నేను పక్కనున్న టార్పాలిన్ నీడలోకి జరిగాను. జరిగినదాన్ని అక్కడే ఆగిపోయాను.

ఒక తుప్పుపట్టిన కుట్టుమిషనుకి ఆనించి ఉంది లక్ష్మీదేవి పటం. నల్లబడిన టేకు ఫ్రేము. అద్దం ఒక మూల పగిలింది. తామరపువ్వులో నిలబడ్డ అమ్మవారు, నాలుగు చేతులు, పక్కన దండ పట్టుకున్న ఏనుగు. మీకు తెలిసిన పటమే. రవివర్మ లక్ష్మిని ఏదో ఒక రూపంలో చూడని తెలుగువాళ్లు ఎవరుంటారు! అయితే ఈ అమ్మవారి చీర అచ్చులోది కాదు. నిజం గుడ్డ. ఎర్రటి పట్టుగుడ్డని కుచ్చెళ్లతో సహా కత్తిరించి, అంచుకి జరీ పెట్టి, ఒళ్లంతా చమ్కీలు కుట్టారు. పటం అడుగున సన్నటి ఇంగ్లీషు అక్షరాల్లో రవివర్మ ప్రెస్ అని ఉంది.

సరిగ్గా ఇలాంటి పటమే తెనాలిలో మా అమ్మమ్మగారింట్లో దేవుడి గూటి పక్కన ఉండేది. దాని చీర మా అమ్మమ్మ వాళ్లమ్మ స్వహస్తాలతో కుట్టిందట. మధ్యాహ్నం పూట కిటికీలోంచి ఎండ వచ్చి దానిమీద పడితే, చమ్కీల వెలుగు ఎదురు గోడమీద చిందేది. వేసవి సెలవులకి వెళ్లిన పిల్లలం ఆ వెలుగు మచ్చల్ని అరచేతుల్తో పట్టుకోవాలని గోడంతా తడిమేవాళ్లం. ఆ పటం ఏమైందో తరవాత చెబుతాను. అది చెప్పకపోతే ఈ కథకి అర్థం లేదు.

"ఎంత చాచా?" అని అడిగాను, నా గొంతులో ఆశ వినిపించకుండా జాగ్రత్తపడుతూ.

గడ్డం నెరిసిన పెద్దాయన. స్టూలు మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు. "ఆరువేలు అమ్మా."

"ఇది అసలైనదేనా?"

"నాకు ఎర్క లేదమ్మా. పాతది అని చెప్త. అసల్ అని చెప్ప. చూస్కొని తీస్కో."

నిజం చెప్పొద్దూ, ఆ జవాబుకి నేను సిద్ధంగా లేను. 'అమ్మతోడు, అసలుదే' అని ఒట్టు పెట్టుకునేవాణ్ణి అనుమానించడం తేలిక. 'నాకు తెలీదు' అనేవాణ్ణి ఏమనుమానిస్తాం? బేరమాడి నాలుగువేల అయిదువందలకి తెచ్చాను. చేతిలో ఫోనుంది, ఆ డబ్బు క్షణంలో పంపించగలను. అయినా ధైర్యం చాల్లేదు. అయిదువందలు బయానా ఇచ్చి, వచ్చే గురువారం దాకా ఎవరికీ ఇవ్వనని మాట తీసుకుని ఇంటికొచ్చాను.

ఇంట్లో సభ తీరింది.

మావారు బ్యాంకులో పనిచేస్తారు. ఆయనకి ప్రపంచంలో ఏ విషయమైనా కాగితం మీద రెండు గడులు గీస్తేగాని అర్థం కాదు. ఒక గడిలో 'అసలు' అని రాశారు, రెండో గడిలో 'నకిలీ' అని రాశారు. "అసలుదైతే నువ్వు పెట్టేదానికి ఎన్నో రెట్లు వస్తుంది. నకిలీదైతే నాలుగువేలు నీళ్లలో పోసినట్టు. నీకు దేనిమీద ఎంత నమ్మకమో చెప్పు, లెక్క నేను కడతాను" అన్నారు. నమ్మకం ఎంతో తెలిస్తే ఈయన్ని అడగడం దేనికి?

డిగ్రీ చదివే మా అమ్మాయి ఫోటో చూసి, "అసలుదైతే భలే లక్కీ కదమ్మా! పాపం ఆ తాతకి తెలియనే తెలియదు" అంది.

అత్తయ్యగారు దీపం కుందిలో వత్తి సవరిస్తూ, "దేవుడి పటానికి అసలేమిటమ్మాయ్, నకిలేమిటి? పెట్టే దండం అసలుదైతే చాలు" అన్నారు.

"అయితే కొత్త పటం వంద రూపాయలకి దొరుకుతుంది కదమ్మా" అన్నారు మావారు.

"వందకి దొరికేదానికి నాలుగువేలా! వద్దంటే వద్దు" అని అత్తయ్యగారు వెంటనే పార్టీ మార్చేశారు.

ఫైన్ ఆర్ట్స్ పాఠాలు చెప్పే స్నేహితురాలు ఒకామె ఉంటే ఆమెకి ఫోన్ చేశాను. అరగంట క్లాసు తీసుకుంది. రవివర్మ 1848లో పుట్టి 1906లో పోయాడు. ఆయన చిత్రాలు రాజుల గోడలమీదే ఉండిపోకుండా అచ్చువేయించమని సలహా ఇచ్చినవాళ్లలో దివాన్ సర్ టి. మాధవరావు ఒకరు. 1894లో బొంబాయిలో ప్రెస్సు పెట్టారు. తరవాత దాన్ని లోనావ్లా దగ్గర మలవ్లీకి మార్చారు. అక్కణ్ణుంచి అది ఫ్రిట్జ్ ష్లైషర్ అనే జర్మను నిపుణుడి చేతికి వెళ్లింది. చివరికి 1972లో అగ్నిప్రమాదంలో కాలిపోయింది. ఆ రోజుల్లో పటం అచ్చువేయడమంటే రాతిమీద పని. ఒక్కో రంగుకీ ఒక్కో రాయి. రాయిమీద జిడ్డు పెన్సిలుతో చేత్తో బొమ్మగీసి, సిరా పట్టించి, ఒకదాని తరవాత ఒకటిగా అదే కాగితం మీద ఒత్తేవారు. తెచ్చుకున్న పటాలకి ఇళ్లల్లో ఆడవాళ్లు జరీ చీరలు, చమ్కీలు కుట్టుకునేవారు.

"మరి అసలుదో కాదో ఎలా తెలుస్తుందే?" అన్నాను.

"భూతద్దం పెట్టి చూడు. రాతి అచ్చయితే రంగు ఇసక చల్లినట్టు ఎలాపడితే అలా ఉంటుంది. ఈకాలపు అచ్చయితే ముగ్గు చుక్కలు పెట్టినట్టు వరసగా ఉంటాయి. అడుగునున్న అక్షరాలు కూడా చూడు. పాత పటాన్ని ఫోటో తీసి మళ్లీ అచ్చేసినదైతే అక్షరాలు కూడా చుక్కలుగానే కనిపిస్తాయి. ఫ్రేము చూసి మాత్రం మోసపోకు. పాత ఫ్రేములో కొత్త పటం పెట్టడం, కాగితానికి టీ నీళ్లు పట్టించి పాతగా చేయడం మామూలే. జరీ నల్లబడింది కదా అని కూడా సంబరపడకు. పాత చీర ముక్క ఎవరైనా తెచ్చి కుట్టొచ్చు" అంది.

ఫోను పెట్టేశాక మా అత్తయ్యగారు పంచాంగం చూసుకునే భూతద్దం తీసి నా సంచిలో పెట్టుకున్నాను. ఆ పని ఎందుకు చేశానో అప్పుడు ఆలోచించలేదు.

మొదట నాకు తోచింది తేలికైన సందేహమే. అసలు ఈ పటానికి 'అసలు' అంటూ ఏముంది? రవివర్మ కుంచెతో వేసినది ఒకటే. ప్రెస్సులోంచి వచ్చినవన్నీ దానికి నకళ్లే. నకలుకి నకలు వస్తే దాన్ని నకిలీ అని తిడుతున్నాం. మొదటి నకలేమో అసలైపోయింది! ఆ పటాలు పుట్టిందే పదిమంది ఇళ్లకీ చేరడానికి కదా. అలా చూస్తే క్యాలెండరు లక్ష్మి కూడా ఆయన అనుకున్న పనే చేస్తోంది. ఈ తర్కం నాకు బాగా నచ్చింది. ఒక పూటంతా దాన్ని చప్పరిస్తూ గడిపాను. కానీ రాత్రి పక్కమీద పడుకుంటే ఒక మాట గుచ్చుకుంది. అసలూ నకిలీ ఒకటేనని నేను నిజంగా నమ్మితే, నాకు ఈ నిద్రపట్టకపోవడమేమిటి?

అప్పుడు మా అమ్మాయి మాట గుర్తొచ్చింది. 'పాపం ఆ తాతకి తెలియనే తెలియదు.'

చీకట్లో లేచి కూర్చున్నాను. వారం నుంచీ నేను అడుగుతున్న ప్రశ్న, 'ఇది అసలుదా, కాదా' అని. నా మనసులో కోరిక మాత్రం వేరే. ఇది అసలుది కావాలి, ఆ సంగతి అతనికి తెలియకూడదు. ఈ రెండూ కలిస్తేనే నాకు లాభం. అతనికి తెలిస్తే ధర చెబుతాడు, నేను కొనలేను. కనక నాకు పటం ఒక్కటే చాలదు, అతని తెలియనితనం కూడా కావాలి. అతను నన్ను మోసం చేస్తాడేమోనని వారం రోజులుగా వణికిపోతున్న నేను, అతను మోసపోవాలని ప్రతి క్షణం దేవుణ్ణి మొక్కుకుంటున్నాను. అందులోనూ లక్ష్మీదేవి పటం గురించి! గురివిందగింజ తన నలుపెరుగదంటారు. అద్దం ముందు కూర్చోబెడితే అదైనా ఎరుగుతుందేమోగాని, నాకు ఆరు రోజులు పట్టింది.

ఇప్పుడు మా అమ్మమ్మ పటం సంగతి చెప్పాలి.

నా చిన్నప్పుడు పాత జరీచీరలు తీసుకుని స్టీలు సామాను ఇచ్చేవాళ్లు వీధుల్లోకి వచ్చేవారు. పాతకాలపు జరీ వెండిది. వాళ్లు చీరని కాల్చి, ఆ వెండి తీసుకునేవారు. ఒకరోజు అలాంటి మనిషి మా అమ్మమ్మ గుమ్మంలో మూట దింపాడు. అమ్మమ్మ రెండు చిరిగిన పట్టుచీరలు తెచ్చింది. అతని చూపు గోడమీద పటం మీద పడింది. "అది కూడా ఇస్తే ఈ పెద్ద బిందె ఇస్తానమ్మా" అన్నాడు. అమ్మమ్మ ఒక్క నిమిషం ఆలోచించి పటం దింపి ఇచ్చేసింది. తళతళలాడే స్టీలు బిందె ఇంట్లోకొచ్చింది. తరవాత మా మేనమామలు, పిన్నులు, మా అమ్మ, అందరూ ఏళ్ల తరబడి ఆ మనిషిని తిట్టారు. "ముసలిదాన్ని చేసి మోసం చేశాడు, వాడికి అన్నీ తెలుసు" అనేవారు. ఇంట్లో ఏ శుభకార్యం జరిగినా ఆ ప్రస్తావన రావలసిందే. నేనూ తిట్టాను. నా మొదటి నవలలో అలాంటివాడొకణ్ణి పెట్టి మరీ తిట్టాను.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఆ బిందె అమ్మమ్మ పోయేదాకా వాడుకుంది. ఆమె ఎన్నడూ మోసపోయానని అనలేదు. "పటం దండం పెట్టుకోడానికే కదే, బిందెకి అయితే రోజూ పని" అనేది. అయినా అతనికి తెలిసినది ఆమెకి తెలియదు. అదీ అందులోని ముల్లు. ఆమె బిందెని చూసింది, అతను బిందెనీ పటాన్నీ రెంటినీ చూశాడు.

ఇన్నాళ్లకి నేను గుమ్మానికి అవతలివైపు నిలబడ్డాను. మూట నాది, చూపు నాది. స్టూలు మీద చాయ్ తాగే పెద్దాయన మా అమ్మమ్మ.

భారతంలో శాంతిపర్వంలో తులాధారుడనే వర్తకుడి కథ ఉంది. జాజలి అనే తపస్వి కదలకుండా తపస్సు చేస్తే ఆయన జడల్లో పిచ్చుకలు గూడు పెట్టి పిల్లల్ని లేపాయి. నా అంత ధర్మాత్ముడు లేడని ఆయన పొంగిపోతే, కాశీలో కొట్టు పెట్టుకున్న తులాధారుడి ముందు నువ్వెంత అని ఆకాశవాణి చెప్పింది. ఆ వర్తకుడు చేసిన ఘనకార్యం ఏమిటయ్యా అంటే, అతని తక్కెడ అందరికీ ఒకటే. అంతే. చిన్నప్పుడు ఈ కథ విన్నప్పుడు చప్పగా ఉందనుకున్నాను. తక్కెడ సరిగ్గా పట్టడం కూడా ఒక గొప్పేనా? ఇప్పుడు తెలుస్తోంది. తూకంలో మోసం చెయ్యని వాళ్లం మనలో చాలామందిమే. కూరగాయలమ్మి పొరపాటున పదిరూపాయలు ఎక్కువిస్తే వెనక్కి పిలిచి ఇచ్చేస్తాం. కానీ తెలివిని తక్కెడలో పెట్టం. మనకి తెలిసి ఎదుటివాళ్లకి తెలియనిదాన్ని 'మన అదృష్టం' అని పేరు పెట్టి కొంగున ముడేసుకుంటాం.

ఆ తెల్లవారి మావారితో చెప్పాను. "ఏమండీ, నాకు తెలిసినదంతా ఆయనకి చెప్పేసి, అప్పుడు బేరమాడతాను."

ఆయన పేపరు దించి, "అప్పుడు బేరమెక్కడుంటుంది?" అన్నారు. కాస్త ఆగి, "అయినా వెళ్లు. లేకపోతే ఇంకో వారం నాకూ నిద్ర ఉండదు" అన్నారు.

గురువారం వచ్చింది. ఒక్కదాన్నే వెళ్లాను. పటం కుట్టుమిషను వెనక గోనెపట్టా కప్పి భద్రంగా ఉంది. పెద్దాయన మాట నిలబెట్టుకున్నాడు. నేను వెళ్లగానే స్టూలు నాకిచ్చి తను ఒక పాత రేడియో మీద కూర్చున్నాడు.

దోవ పొడుగునా సిద్ధం చేసుకున్న ఉపన్యాసం మొదలుపెట్టాను. "చాచా, ఇది నిజంగా రవివర్మ ప్రెస్ దైతే మీరు చెప్పినదానికంటే చాలా ఎక్కువ పలుకుతుంది. మీకు తెలియక నాకు తక్కువకి ఇచ్చేస్తున్నారేమో. తెలిసినవాళ్లకి చూపించండి" అన్నాను. అంటున్నప్పుడు నా కంఠం కాస్త గంభీరంగా కూడా మారిందనుకుంటాను.

ఆయన నవ్వాడు. "నలబై ఏండ్ల సంది గీ బజార్ల కూసుంటున్న అమ్మా. నీ అసొంటోళ్లు వారానికి ఇద్దరొస్తరు. నకిలీ అని తెలిస్తే దీనికి మూడు నూర్లు. అసల్ అని తెలిస్తే గిది రోడ్డు మీద ఎందుకుంటది, పెద్ద దుకాన్ల అద్దాల ఎన్కకు పోతది. తెల్వదు గన్క నాలుగున్నర. నేను అమ్మేది పటం కాదు, తెల్వకపోవుడు. నువ్వు కొనేది గదే."

నా ఉపన్యాసం అక్కడితో ఆగిపోయింది. అతన్ని అమాయకుడనుకోవడంలో కూడా నా అహంకారమే ఉందన్నమాట! ఆయన అనుమానాన్ని అనుమానంగానే, పట్టపగలు, దాని ధరకే అమ్ముతున్నాడు. అందులో మోసమేముంది? ఆయనకీ తెలియదు, నాకూ తెలియదు. లాభమో నష్టమో చెరిసగం రిస్కు. నేను డబ్బిచ్చి పటం తీసుకుని హాయిగా ఇంటికి పోవచ్చు. మావారి రెండు గడుల లెక్క ఈయన స్టూలు మీద కూర్చుని ఎప్పుడో కట్టేశాడు.

సంచి జిప్పు తీశాను. డబ్బు కోసం చెయ్యి పెడితే ముందు తగిలింది భూతద్దం.

అప్పుడు అర్థమైంది ఎక్కడ తేడా ఉందో. అనుమానం ఇద్దరిదీ అయితే అది న్యాయమైన బేరమే. కానీ భూతద్దం నా సంచిలో ఉంది. నేను ఈ పటం కొని ఇంటికి తీసుకెళ్లి, తలుపేసుకుని, ఒంటరిగా చూస్తాను. అసలుదైతే నాలో నేను గంతులేస్తాను. నకిలీదైతే ఈయన్ని శపిస్తాను. తెలుసుకునే వీలు చేతిలో ఉంచుకుని, బేరం తెగేదాకా దాన్ని సంచిలో దాచుకునేవాళ్లకి 'నాకూ తెలియదు' అనే హక్కు లేదు. స్టీలు సామానువాడు చేసింది ఇదే.

భూతద్దం బయటికి తీసి స్టూలు మీద పెట్టాను. "చాచా, ఇద్దరం కలిసి చూద్దాం."

ఆయన నవ్వు తగ్గింది. "ఇప్పి చూస్తే ఇద్దర్ల ఒకరికి నుక్సాన్ అమ్మా. ఆలోచించుకో."

"ఆలోచించుకునే వచ్చాను. మీకిష్టం లేకపోతే చూడను, కొనను. బయానా మీ దగ్గరే ఉంచుకోండి."

ఆయన కాసేపు గడ్డం నిమురుకున్నాడు. తరవాత స్క్రూడ్రైవరు తీసి, ఫ్రేము వెనకనున్న చిన్న మేకులు ఒక్కొక్కటే జాగ్రత్తగా వంచాడు. అట్ట తీశాడు. అద్దం పక్కన పెట్టాడు. లక్ష్మీదేవి ఎండలో మా ఇద్దరి మధ్యా పడుకుంది. ముందు భూతద్దం ఆయన చేతికిచ్చాను. ఆయన ఏనుగు తొండం చూశాడు, తామరరేకు చూశాడు, అడుగునున్న అక్షరాలు చూశాడు. ఏమీ అనకుండా నాకిచ్చాడు.

ముగ్గు చుక్కలు. వరసలు తప్పకుండా, ఎవరో ఇల్లాలు తెల్లవారుజామున లేచి పెట్టినట్టు, అమ్మవారి చెక్కిలినిండా చుక్కలు. రవివర్మ ప్రెస్ అనే అక్షరాలనిండా చుక్కలు.

ఆయన లేచి నిలబడి నడుము సరిచేసుకుంటూ, "చూసినవా, నీ ఇన్సాఫ్ కి నాకు వేలల్ల పోయింది" అన్నాడు. కోపంగా అనలేదు. వాతావరణం గురించి మాట్లాడుకున్నట్టు అన్నాడు. అందుకే ఎక్కువ తగిలింది.

నా న్యాయం ఖరీదు ఆయన కట్టాడు. ఇది నేను ఊహించని ముగింపు. ఆయన్ని నష్టపోకుండా కాపాడదామని వెళ్లి, నష్టపెట్టి కూర్చున్నాను. అసలుదని తేలితే ఏం చేసేదాన్నో చెప్పనా? 'అభినందనలు చాచా' అని ఖాళీ చేతుల్తో నవ్వుతూ వచ్చేసేదాన్నని రాస్తే మీరు నమ్ముతారేమో. నేను నమ్మను. ఆ పరీక్ష నాకు రాలేదు. రాని పరీక్షలో పాసయ్యానని చెప్పుకోవడం ఎవరికైనా తేలికే. చుక్కలు కనిపించకముందు, ఏం కనిపిస్తుందో తెలియనప్పుడు, భూతద్దం బయటపెట్టాను. నా ఖాతాలో జమ రాసుకోదగ్గది ఆ ఒక్కటే. అది కూడా ఆయన మొహమాటపెట్టబట్టి.

"ఇప్పుడు నాకు తెలిసినదంతా మీకూ తెలుసు. మీరే చెప్పండి, ఎంతివ్వమంటారు?" అన్నాను.

"ఫ్రేము టేకుది. కుట్టుపని మంచిగున్నది. పదిహేను నూర్లు."

జీవితంలో మొదటిసారి బేరమాడలేదు. ఎక్కువిస్తే దానమవుతుంది, ఆ మనిషి పుచ్చుకునే రకం కాదు. తగ్గించమంటే మళ్లీ అమ్మమ్మ గుమ్మం దగ్గరికే వెళతాను. బయానా పోగా మిగిలిన వెయ్యీ ఇచ్చాను. ఆయన మళ్లీ మేకులు బిగించి, పాత ఉర్దూ పేపరు చుట్టి, తాడు కట్టి ఇచ్చాడు.

పటం ఇప్పుడు మా దేవుడి గదిలో ఉంది. అత్తయ్యగారు శుక్రవారం శుక్రవారం దండ వేస్తున్నారు. "నేను ముందే చెప్పాను, దేవుడికి అసలేమిటి నకిలేమిటని" అంటున్నారు. వద్దన్న సంగతి ఆవిడ మరిచిపోయారు, మేమూ గుర్తుచెయ్యలేదు. ఆ చీర ఎవరు కుట్టారో, ఎప్పుడు కుట్టారో నాకు తెలియదు. ముచ్చటపడి ఏ ఇల్లాలు కుట్టిందో, మోసం చెయ్యాలని ఏ మాయగాడు కుట్టించాడో, భూతద్దం పెట్టినా తెలియదు. కుట్టు మాత్రం సన్నగా, చక్కగా ఉంది.

గోడకి తగిలించే ముందు పటం వెనక అట్టమీద మా అమ్మాయి చేత రాయించాను. 'ఇది రవివర్మ ప్రెస్ పటం కాదు, తరవాతి అచ్చు. చీర చేతికుట్టు. ఎవరు కుట్టారో తెలియదు. ఖరీదు పదిహేనువందలు.' కింద తారీఖు వేసింది.

"ఇవన్నీ ఎందుకమ్మా? మనకి తెలుసు కదా" అంది మా అమ్మాయి.

"మనకి తెలుసు. మన తరవాత దీన్ని అమ్మేవాళ్లకీ కొనేవాళ్లకీ తెలియొద్దూ?" అన్నాను.

అది పెన్సిలు పక్కన పెట్టబోయి, మళ్లీ తీసుకుని, 'తెలియదు' అన్న మాట కింద ఒక గీత గీసింది.